హెచ్చెం గారి బ్యాగులో సీసా

ఆవిడంటే నాకు పడేది కాదు. ఇప్పటికీ పడదు. ఇది ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే చదివేవాళ్లు నన్ను మంచిదాన్ని అనుకుంటారు.

నేను కొత్తపేట దగ్గర ఒక ఊళ్లో హైస్కూలు పీఈటీని. పిల్లల చేత ఆటలాడించడం, డ్రిల్లు చేయించడం, పొద్దున్నే ప్రార్థన దగ్గర వరసలు నిలబెట్టడం నా పని. ఆవిడ మా హెడ్మాస్టరు. చాటున హెచ్చెం గారు, ఎదుట మేడమ్ గారు. వచ్చిన ఏడాదే నా ఆటల పీరియడ్లు సగం లాగేసి లెక్కల స్లిప్ టెస్టులకి ఇచ్చేశారు. బళ్లో కొత్త గదులు కడుతుంటే ఇసకా కంకరా తెప్పించి ఖోఖో కోర్టు మీద పోయించారు. స్తంభాలు రెండూ సగం దాకా ఇసకలో కూరుకుపోయాయి. పక్కనే ఖాళీ స్థలం ఉంది కదండీ అని అడిగాను.

"ఆటలాడించి జీతం తీసుకునే ఉద్యోగం అందరికీ దొరకదండి. మీరు అదృష్టవంతులు," అన్నారు.

మా వైపు తిట్టు కూడా అండీతోనే వస్తుంది. నవ్వుతూ వస్తుంది. అందుకే లోపల ఎక్కువసేపు ఉండిపోతుంది.

రావులపాలెం దారిలో అరటి గెలల లారీ అడ్డంగా ఆగిపోయి ఒక రోజు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే మెమో ఇచ్చారు. అదే రోజు ఇంకో మాస్టారు పావుగంట ఆలస్యంగా వస్తే ఏమీ ఇవ్వలేదు. జోనల్ ఖోఖో పోటీలకి మా ఆడపిల్లలు ఎంపికైతే, బయల్దేరాల్సిన రోజు పొద్దున్న అనుమతి కాగితం మీద సంతకం పెట్టనన్నారు. తొమ్మిదో తరగతి మార్కులు బాగాలేవట. పన్నెండు మంది పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని ఇళ్లకి వెళ్లిపోయారు. ఆవిడ నా చేతి మంచినీళ్లు కూడా తాగేవారు కాదు. మీటింగుల్లో ఎవరు గ్లాసు అందించినా తీసుకుని, నేను అందించింది మాత్రం బల్ల మీద అలాగే వదిలేసేవారు. కారణం ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఊరవతల మా పేటవాళ్లకి అలాంటివి అడిగి తెలుసుకోవాల్సిన అవసరం ఉండదు.

నేనూ తక్కువ తినలేదు. స్టాఫ్‌రూములో ఆవిడ నడకా మాటా చేసి చూపించి అందరినీ నవ్వించేదాన్ని. ఆవిడ మీద ఆకాశరామన్న ఉత్తరం రాయడానికి ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన నుంచి తిరిగొచ్చాక కూర్చుని, ఒకటిన్నర పేజీ రాశాను. రాసింది ఒకసారి చదువుకుని, నా అక్షరాలు ఎవరైనా గుర్తుపడతారని భయమేసి చింపేశాను. తప్పు అనిపించి చింపలేదు.

వేసవి సెలవులయ్యాక బడి తెరిచేసరికి ఆవిడ సగానికి సగం తగ్గి వచ్చారు. అంతకు ముందు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కేవారు, ఇప్పుడు రెండేసి మెట్లు ఎక్కుతున్నారు. రహస్యం చెప్పండని ఆడ టీచర్లు వెంటపడితే, క్రమశిక్షణేనండి అని చెప్పి వెళ్లిపోయారు. ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ తెరవకుండానే ఆయాకి ఇచ్చేస్తుండేవారు. మేం నిద్ర లేచి ఫోను చూసుకునేసరికి ఆవిడ దగ్గర్నుంచి ఇరవై, ముప్పై మెసేజీలు ఉండేవి. మరుగుదొడ్ల ఫోటోలు యాప్‌లో ఎందుకు పెట్టలేదు, మధ్యాహ్న భోజనంలో గుడ్ల లెక్క ఎందుకు తేడా వచ్చింది, ఫలానా టీచరు నిన్న సాయంత్రం ఎవరితో మాట్లాడుతున్నారు. ఎదురుగా కూర్చుంటే మాట ఆగేది కాదు. ఒక విషయం మొదలుపెట్టి మూడో విషయంలో తేలేవారు. దవడ ఎప్పుడూ ఏదో నములుతున్నట్టు కదులుతుండేది. పళ్లు కొరుకుతున్న చప్పుడు బల్లకి ఇవతల కూర్చున్న మాకు వినిపించేది. మా మీద కోపంతో కొరుకుతున్నారనుకున్నాం.

ఆగస్టు వచ్చేసరికి అనుమానాలు మొదలయ్యాయి. లెక్కల మాస్టారు తన మాటలు ఫోన్లో రికార్డు చేస్తున్నారని స్టాఫ్ మీటింగులో ఆయన ఫోను లాక్కుని చూశారు. ఆయన రిటైరుమెంటుకి దగ్గర పడిన మనిషి, మేనమామలా అందరికీ సర్ది చెప్పేవారు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇంకో రోజు ఆవిడ తన కుర్చీ ఎవరో జరుపుతున్నారని కుర్చీ కాళ్ల చుట్టూ చాక్‌పీసుతో గీతలు గీయించారు. మేం ఆ గీతలు చూసి విరగబడి నవ్వుకున్నాం. పదవి నెత్తికెక్కిందని ఒకరన్నారు, నెలసరి ఆగే వయసు కదా అని ఇంకొకరన్నారు. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణకడం, ఫ్యాను కింద కూడా జాకెట్టు తడిసిపోవడం అందరం చూశాం. మంచిమనిషి ఇలా అయిపోతే ఒంట్లో ఏమైందని ఎవరో ఒకరు అడిగేవారు. ఆవిడ ముందు నుంచీ చెడ్డదే కదా మా దృష్టిలో. చెడ్డతనం ముదిరిందనుకున్నాం, అంతే.

ఆ రోజు బడికి తనిఖీ వస్తోందని కబురు. వానలు పడాల్సిన రోజులు, వాన లేదు, ఉక్కతో ఊపిరాడటం లేదు. ప్రార్థన దగ్గర పిల్లల్ని నిలబెడుతుంటే ఆవిడ వరండా దిగి గబగబా నా మీదకి వచ్చారు.

"ఈ వరసలేంటండీ? పశువుల సంతనుకున్నారా?"

బడి మొత్తం వింది. వెనక వరసలో పిల్లలు నవ్వారు కూడా. ఆవిడ సూర్యుడికి ఎదురుగా నిలబడి ఉన్నారు. ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. నేను జవాబు చెప్పబోతూ ఆవిడ కళ్లలోకి చూశాను. అంత ఎండలోనూ కంటిపాపలు ఇంతింత తెరుచుకుని ఉన్నాయి. చుట్టూ ఉండాల్సిన గోధుమ రంగు దారప్పోగంత మిగిలింది. గడ్డం నుంచి చెమట బొట్లు బొట్లుగా కారుతోంది. మెడ పక్కన నరం చర్మం కింద ఏదో దూకుతున్నట్టు కొట్టుకుంటోంది. దవడ పక్కకి పక్కకి కదులుతోంది.

నాకు అర్థమైంది. అనుమానం కాదు, అర్థమైంది.

ఎందుకంటే అలాంటి కళ్లు నేను ముందొకసారి చూశాను. వ్యాయామ విద్య చదివే రోజుల్లో మా హాస్టల్లో ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తే అమ్మాయి ఒకర్తి ఉండేది. సెలక్షన్ల రోజున ఎవరో ఇచ్చిన బిళ్లలు మింగి ట్రాక్ మీదకి వచ్చింది. అంతకు ముందు గంట సేపు గదిలో ఒక్క చోట కూర్చోలేదు, అందరితో దెబ్బలాడింది. ఆమె కళ్లు కూడా ఎండలో అలాగే నల్లగా ఉన్నాయి. రెండో రౌండులో పడిపోయి కొట్టుకుంటుంటే మేం నలుగురం కాళ్లూ చేతులూ అదిమిపట్టుకున్నాం, నోట్లో సోడా పోశాం. తర్వాత డాక్టరు మమ్మల్ని నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. ఉత్తేజాన్నిచ్చే మందు ఎక్కువైతే ఒళ్లు లోపల్నుంచి కాలిపోతుందనీ, అలాంటి మనిషిని అదిమిపడితే పెనుగులాడి ఇంకా వేడెక్కి గుండె ఆగిపోవచ్చనీ, తెలివి తప్పిన మనిషి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ ఆయన చెప్పింది నాకు మాట మాటా గుర్తుంది. ఆ అమ్మాయి బతికింది. మళ్లీ పరుగెత్తలేదు.

కాబట్టి నాకు తెలుసు. ఆ క్షణంలో ఆవిణ్ణి పక్కకి పిలిచి, మేడమ్ గారూ మీరేం వేసుకుంటున్నారండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్దాం రండి అనాల్సింది. వినేవారు కాదేమో. కనీసం లెక్కల మాస్టారికైనా చెప్పాల్సింది.

"ఏంటండీ అలా చూస్తన్నారు? నా మొహాన ఏమన్నా రాసుందా?" అన్నారావిడ.

"ఏం లేదండి," అన్నాను.

అనుభవించనీ, అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. దాన్ని మెత్తగా మార్చి రాయడం నాకిష్టం లేదు. వరసలు సరిచేసి, ప్రార్థన చెప్పించి, ఎనిమిదో తరగతి పిల్లల్ని గ్రౌండుకి తీసుకుపోయాను.

గంటన్నర తర్వాత ఆయా గ్రౌండుకి పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్ గారికి ఏదోలా ఉందండి. బీరువాలో ఎవరో దాక్కున్నారంటన్నారు. లెక్కల మాస్టారు గారిని రిజిస్టరెట్టి కొట్టేరండి."

పిల్లలకి పరుగు నేర్పే మనిషిని నేను. ఆ రోజు నడిచి వెళ్లాను.

గది ముందు టీచర్లు గుంపుగా ఉన్నారు. లోపల ఆవిడ బీరువాకీ కిటికీకీ మధ్య గోడకి అంటుకుపోయి, చేతిలో పేపర్‌వెయిట్ పట్టుకుని నిలబడ్డారు. జుట్టు ఊడిపోయింది. చీరంతా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. లెక్కల మాస్టారు నుదుటి మీద చిన్న గాటు. ఆయనా ఇంకో ఇద్దరు మాస్టర్లూ ఆవిణ్ణి రెక్కలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాలని ముందుకి అడుగేస్తున్నారు. నేను అడ్డం నిలబడ్డాను. పట్టుకోవద్దన్నాను. ఎందుకో రెండు ముక్కల్లో చెప్పాను. అప్పటిదాకా నన్ను ఆటల టీచరుగా తప్ప చూడని మనుషులు, ఏమనుకున్నారో, ఆగారు. లెక్కల మాస్టారిని 108కి ఫోను చెయ్యమన్నాను. తాగిందనో దయ్యం పట్టిందనో చెప్పకండి, ఏదో మందు ఎక్కువైంది, ఒళ్లు కాలిపోతోంది, గుండె విపరీతంగా కొట్టుకుంటోందని చెప్పండన్నాను. మిగతావాళ్లని పిల్లల్ని అటు రానివ్వకుండా, గంట కొట్టకుండా చూడమని పంపేశాను. కిటికీ తలుపులు దగ్గరగా వేసి, ఫ్యాను పెంచి, ఆయాని ఒక్కదాన్నీ గుమ్మం దగ్గర ఉండమన్నాను. ఆవిడకి దారి కనిపించేలా గుమ్మానికి పక్కగా, రెండు బారల దూరంలో నేల మీద కూర్చున్నాను.

"మేడమ్ గారూ, నేనండి, పీఈటీని. మిమ్మల్ని ఎవరూ ఏం చెయ్యరండి. కూర్చోండి."

"నువ్వే," అన్నారావిడ. నన్ను నువ్వు అనడం అదే మొదలు. "నా నీళ్లల్లో కలిపింది నువ్వే."

"నా చేతి నీళ్లు మీరు తాగరు కదండీ."

ఆ మాట ఎంత కోపంతో అన్నానో గొంతు అంత నెమ్మదిగా వచ్చింది. ఆవిడ ఆగారు. ఒక్క క్షణం నన్ను మామూలు మనిషి చూసినట్టు చూశారు. పేపర్‌వెయిట్ ఉన్న చెయ్యి దిగింది. పొద్దుట్నుంచి ఏం వేసుకున్నారండి, ఎన్ని వేసుకున్నారండి అని అడిగాను. విటమిన్లు అన్నారు. రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని, నొప్పిగా ఉందన్నారు. ఎన్ని అని మళ్లీ అడుగుతుండగానే కళ్లు పైకి తిరిగిపోయాయి. నిలువునా బిగుసుకుపోయి పక్కకి పడిపోయారు.

బల్ల మూల తగలకుండా బల్ల లాగేశాను. నా భుజం మీది తువ్వాలు మడిచి తల కింద పెట్టాను. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఆయా తాళాల గుత్తి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టబోతే వద్దన్నాను. లెక్కల మాస్టారు మధ్యాహ్న భోజనం గరిటె పట్టుకొచ్చారు, నాలుక కొరుక్కోకుండా పళ్ల మధ్య పెట్టడానికట. అదీ వద్దన్నాను. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. నిమిషమున్నర. నా జీవితంలో అంత పొడుగు నిమిషమున్నర లేదు.

కొట్టుకోవడం ఆగగానే పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లోంచి కారేది బయటికి పోయేలా తల వంచాను. ఊపిరి ఉంది. ఒళ్లు ముట్టుకుంటే పొయ్యి మీద పెనంలా ఉంది. పిన్నులు తీసేసి చీర వదులు చేసి, బకెట్టు నీళ్లు కొద్దికొద్దిగా ఒంటి మీద పోశాను. అది చాలదు. ఐసు కావాలి. బళ్లో ఫ్రిజ్ లేదు. బడి గేటు ఎదురుగా రోడ్డు పక్కన చేపలమ్మే ఆవిడ థర్మోకోల్ పెట్టెలో ఐసు పెట్టుకుంటుంది. వెళ్లి తెమ్మంటే ఆయా కదల్లేదు.

"నీచు ఐసండి. మేడమ్ గారు గుడ్డు కూడా ముట్టరండి."

"తెండి," అన్నాను.

చేపలావిడ పెట్టెతో సహా తనే మోసుకొచ్చింది. ఐసు ముక్కలు గుడ్డల్లో చుట్టి మెడ పక్కన, చంకల్లో, గజ్జల దగ్గర పెట్టాను. గదంతా చందువా చేప వాసన. ఐసు పెడుతుంటే నాకు జాలేమీ కలగలేదు. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. ఒక పక్క, రేపు ఈ వాసన గురించి ఈవిడ ఏమంటుందో అనే ఆలోచన కూడా వచ్చింది.

తర్వాత బ్యాగు. ఏం మింగిందో తెలిస్తే తప్ప డాక్టర్లు చీకట్లో తడుముకోవాలి. జిప్పుకి చిన్న తాళం వేసి ఉంది. లాగితే తాళంతో పాటు జిప్పు కూడా ఊడి వచ్చింది. లోపల దువ్వెన, దేవుడి బొట్టు పొట్లం, అడుగున తెల్ల ప్లాస్టిక్ సీసా. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ, సన్నటి నడుం బొమ్మ. ఎవరు చేశారో, లోపల ఏముందో ఒక్క అక్షరం లేదు. కాసిని గుళికలు మిగిలి ఉన్నాయి. లెక్కల మాస్టారు ఆ సీసా చూశారు, నన్ను చూశారు.

అంబులెన్సు వచ్చాక, ఎవరు వెంట వెళ్తారంటే అందరూ తనిఖీ సంగతి ఎత్తారు. నేనే ఎక్కాను. ఎక్కాల్సిన కారణం నాకు ఒక్కదానికే తెలుసు. బండిలో టెక్నీషియన్ నాడి చూసి నూట అరవై దాటిందన్నాడు. అంబాజీపేట దగ్గర కొబ్బరి లారీలు దారి ఇచ్చేదాకా నేను ఆవిడ చంకల్లో ఐసు మారుస్తూనే ఉన్నాను.

అమలాపురంలో ఆసుపత్రికి చేరేసరికి ఆవిడకి కొంచెం తెలివి వచ్చింది. డ్యూటీలో చిన్న వయసు డాక్టరమ్మ. మందులేమన్నా వాడుతున్నారా అని అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపారు. నేను సీసా తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. మేడమ్ గారు నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. ఒంట్లో ఓపిక లేక గానీ ఉంటే నన్ను చంపేసేవారు.

ఒంటి ఉద్రేకం తగ్గడానికి ఇంజెక్షను ఇచ్చారు, ఈసీజీ తీశారు, చల్లటి సెలైను ఎక్కించారు. మూత్రం చింతపండు పులుసు రంగులో వచ్చింది. కండరాలు దెబ్బతిని ఆ మురికి కిడ్నీల మీద పడుతోందని చెప్పారు. ఇలా సన్నబడటానికని అమ్మే ఊరూ పేరూ లేని గుళికల్లో ఒక్కోసారి గుండెని పరుగెత్తించే మందులు కలుపుతారనీ, తినేవాళ్లకి అది తెలియదనీ డాక్టరమ్మ చెప్పింది.

"సీసా తేకపోయుంటే పిచ్చనుకుని ఒకళ్లం, ఫిట్సనుకుని ఒకళ్లం తిరిగేవాళ్లమండి," అంది. "పొద్దున్నే ఎవరైనా గుర్తుపట్టుంటే ఇంత దాకా వచ్చేది కాదు."

నేను గోడ మీద ఉన్న టీకాల పట్టిక చదువుతున్నట్టు నిలబడ్డాను.

భర్త వచ్చారు. రాజోలులో ఎరువుల కొట్టు ఆయనది. ఆవిడ మంచం దగ్గరికి వెళ్లి, బయటికి వచ్చి, నేరుగా నా దగ్గరికి వచ్చారు. నా బట్టల మీది చేప వాసనకి ఒక అడుగు వెనక్కి వేశారు.

"మీకూ మా ఆవిడకీ పడదని నాకు తెలుసండి. తను బిళ్లలు మింగే మనిషి కాదు. ఈ సీసా బ్యాగులో ఎవరెట్టేరో నేను తేలుస్తాను."

"తేల్చండి. ముందు మీ ఇంటికెళ్లి ఇలాంటివి ఇంకా ఉన్నాయేమో వెతికి డాక్టరు గారికి చూపించండి. ఆవిడ ప్రాణం దాని మీద ఉంది."

ఆయన ఇంకేదో అనబోతుంటే డాక్టరమ్మ పిలిచి ఆయనతో మాట్లాడింది. సాయంత్రం ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చారు. అందులో అలాంటివే నాలుగు సీసాలు, మూడు ఖాళీవి. వంటింట్లో పప్పుల డబ్బాల వెనకాల దొరికాయని నర్సుతో చెబుతుంటే విన్నాను. నన్ను చూసి కూడా చూడనట్టు దాటి వెళ్లిపోయారు. నేను బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది. తనిఖీ బృందం ఆ రోజు రానే లేదని మర్నాడు తెలిసింది.

ఐదు రోజులు ఆవిడ సంగతి అటా ఇటా అన్నట్టుంది. రక్తం శుభ్రం చేసే యంత్రం దాకా పోతుందేమో అన్నారు, పోలేదు. మనిషి గట్టెక్కారు. ఊళ్లో మాత్రం మొదటి రోజు సాయంత్రానికే సీసా సంగతి పాకిపోయింది. నేను చెప్పలేదు. అడిగినవాళ్లకి కాదని కూడా చెప్పలేదు.

దసరా సెలవులు పోయాక ఆవిడ మళ్లీ ఉద్యోగంలో చేరారు. చేరిన మూడో రోజున ఆయా నాకు కవరు తెచ్చి ఇచ్చింది. మెమో. ప్రధానోపాధ్యాయురాలి వ్యక్తిగత సంచిని అనుమతి లేకుండా తెరచుట, దానిని పాడుచేయుట, మాంసాహారముతో కూడిన మంచుగడ్డలను వారి శరీరమునకు తాకించుట, వారి అనారోగ్య విషయము బయటకు పొక్కుటకు కారణమగుట. మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.

లెక్కల మాస్టారు అది చదివి తల పట్టుకున్నారు. యూనియన్‌కి చెబుదామన్నారు. నేను వద్దని, ఆ మధ్యాహ్నమే సంజాయిషీ రాశాను. సంచి తెరిచిన మాట నిజం, ప్రాణాపాయమున్నందున తెరిచితిని. మంచుగడ్డల మాట నిజం, వేరే చోట దొరకలేదు. పొక్కించలేదు. అంతే రాసి స్వయంగా తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

ఆవిడ ముసలివాళ్లలా నెమ్మదిగా కళ్లజోడు పెట్టుకుని చదివారు. కళ్లు మామూలుగా ఉన్నాయి. గోధుమ రంగు. ఒళ్లు మళ్లీ కాస్త వచ్చింది. చదవడం అయ్యాక కాగితం ఫైల్లో పెట్టి, నన్ను వెళ్లమనలేదు.

"ఆ రోజు ప్రార్థన దగ్గర నా కళ్లల్లోకి చూసేరు మీరు," అన్నారు. "అంతా పోయింది గానీ అదొక్కటీ గుర్తుందండి. మీకు అప్పుడే తెలిసిపోయింది కదండీ?"

"ఆయ్."

"మరి చెప్పలేదేం?"

చెప్పినా మీరు వినేవారు కాదండీ అనొచ్చు. అది నిజం కూడా. కానీ అది కారణం కాదు.

"చెప్పాలనిపించలేదండి," అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి ఫైలు మీద పెట్టారు. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది.

"మీ ఒంటికి అలా వచ్చుంటే నేనూ చెప్పేదాన్ని కాదులెండి," అన్నారు.

ఆ తర్వాత ఆవిడంతట ఆవిడే చెప్పారు, నాకు కాదన్నట్టుగా, ఫైలుకి చెబుతున్నట్టుగా. మోకాళ్ల కోసం బరువు తగ్గమంటే ఎవరో పరిచయస్తులు ఆ గుళికలు తెప్పించి ఇచ్చారట. రోజుకి ఒకటి. వారం తిరిగేసరికి మోకాళ్ల సంగతే మరిచిపోయారట. మూడు నాలుగు గంటలు పడుకుంటే చాలు, పని ఎంత చేసినా తరిగేది కాదు, బడంతా అరచేతిలో ఉన్నట్టుండేదట. తర్వాత ఒకటి చాలలేదు. తనిఖీ ఉందని ఆ పొద్దున్న నాలుగు మింగి, పైన రెండుసార్లు స్ట్రాంగు కాఫీ తాగారట. బీరువాలో నిజంగానే ఎవరో కనిపించారట.

"ఆ మనిషి మీరే అనుకున్నానండి," అన్నారు.

మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు. నా సంజాయిషీ సంతృప్తికరంగా లేదని, ఇకపై జాగ్రత్తగా ఉండాలని హెచ్చరిస్తూ ఇంకో కాగితం వచ్చింది. అది నా సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. నేనూ ఆవిడకి క్షమాపణ చెప్పలేదు. మర్నాటి నుంచి మళ్లీ పీరియడ్ల కోసం దెబ్బలాడుకున్నాం.

చలికాలంలో పీఈటీల శిక్షణ జరిగినప్పుడు, మీ బళ్లో జరిగింది చెప్పండని నన్ను లేపారు. చెప్పాను. ఆగని మాట, లేని నిద్ర, ఆకలి చచ్చిపోవడం, లేని అనుమానాలు, వెలుతురులో కూడా తెరుచుకున్న కంటిపాపలు, పళ్లు కొరకడం, కాలిపోయే ఒళ్లు, గుండెనొప్పి, ఫిట్సు. కట్టెయ్యకండి, నోట్లో ఏమీ పొయ్యకండి, అరవకండి, చల్లబరచండి, పక్కకి తిప్పండి, అంబులెన్సుని పిలవండి, మింగిన దాని సీసా వెంట తీసుకెళ్లండి, డాక్టరుకి అబద్ధం చెప్పకండి. అందరూ రాసుకున్నారు. చివర్లో ఒకాయన, పొద్దున్నే ఏమీ కనిపించలేదాండీ మీకు అని అడిగారు. కనిపించలేదండి అన్నాను. డాక్టరుకి అబద్ధం చెప్పకండని అప్పుడే చెప్పిన నోటితోనే.

మే నెల బదిలీల్లో ఆవిడ వేరే మండలానికి వెళ్లిపోయారు. వీడ్కోలు సభలో తెలుగు మాస్టారు మాట్లాడారు, లెక్కల మాస్టారు శాలువా కప్పారు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు గానీ గొంతు బాగోలేదన్నాను. అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ ఆవిడ నా దగ్గరికీ వచ్చారు.

"వెళ్లొస్తానండి," అన్నారు.

"మంచిదండి," అన్నాను.

భర్త కారు డోరు తీసి పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ ఎక్కారు. కారు గేటు దాటి మలుపు తిరిగింది. నేను ఆటసామాను గదికి తాళం వేసి, స్కూటీ తీసుకుని ఇంటికి వచ్చేశాను.